అరగదీసిన సిలిండర్

"మొదటివాడు స్నానపు తొట్టిలో జారిపడి చచ్చాడు. రెండోవాడి కారుకి బ్రేకు పడలేదు. రెండూ ప్రమాదాలేనని పోలీసులు రాసుకున్నారు," అన్నాడు స్టిక్నీ. "ఇక మిగిలింది మూడోవాడు."

వాషింగ్టన్‌లోని ఆ గదికి కిటికీలు లేవు. ఏజెంట్ లైల్ హాస్టెటర్ బల్లమీది ఫొటో అందుకున్నాడు. కర్నల్ థాడియస్ బ్రానక్, డెబ్బై నాలుగేళ్ళు. మన రహస్యాలు పరాయిదేశానికి అమ్ముతున్న పెద్దమనిషి ఎవరో ముఖం చూసి చెప్పగలిగిన ఆఖరి మనిషి. మంగళవారం ఉదయం మూసిన తలుపుల వెనక సాక్ష్యం చెప్పాలి.

"అందాకా ఆయన్ని ఎక్కడైనా దాచొచ్చుగా సార్?"

"రానన్నాడు. సోమవారం అమరవీరుల దినం. పెన్సిల్వేనియాలో భార్య సమాధి దగ్గర పాత రివాల్వర్ ఆరుసార్లు పేల్చాలట. చనిపోయిన బావమరిది పేరిట ఏటా పేలుస్తాడట."

"ఆ ఇంట్లో మన పిచ్చుక ఉంది కదా?"

"మూడు వారాలుగా కూత లేదు. ఆఖరి కబురు ఇదీ." స్టిక్నీ ఒక చీటీ ముందుకు తోశాడు. రెండే మాటలు: అరగదీసిన సిలిండర్. "మన మేధావులెవరికీ అంతుపట్టలేదు. మీ నాన్న తుపాకులు బాగుచేసేవాడని విన్నాను."

"అవును సార్."

"అయితే ఈ పని నీది."

పిచ్చుక అసలు పేరు లెన్కా మారెష్. ఆమె ప్లాట్‌ఫారం మీద నడిచి వెళ్తే పోర్టర్లు చేతిలో పెట్టెలు మర్చిపోయేవారు. అవతలివాళ్ళు ఆమెను తమ మనిషి అనుకునేవారు, ఇవతలివాళ్ళు తమ మనిషి అనుకునేవారు. మూడేళ్ళుగా కర్నల్ దగ్గర టైపిస్టు. ఏడేళ్ళ కిందట వియన్నాలో ఆమెను ఈ వృత్తిలోకి దింపింది లైలే.

శనివారం పొద్దున లైల్ పాత తుపాకుల విడిభాగాల వ్యాపారి వేషంలో పెన్సిల్వేనియాలోని కార్వర్స్ గ్యాప్ సంతమైదానానికి వెళ్ళాడు. రేకుల షెడ్డులో వరసగా పాత తుపాకులు పరిచిన బల్లలు. ఓ మూల బల్ల వెనక ఆర్విల్ క్రౌజ్ అనే ముసలాయన సాండ్‌విచ్ తింటున్నాడు. కర్నల్‌కి తూటాలు తయారుచేసి ఇచ్చేది ఆయనే.

"వెబ్లీ మార్క్ సిక్స్ రివాల్వర్‌కి, తూటాలు పెట్టే అసలు సిలిండర్ దొరుకుతుందా? అరగదియ్యనిది?"

క్రౌజ్ కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు. "దొరికితే నీకెందుకిస్తానయ్యా, నేనే దిండు కింద పెట్టుకు పడుకుంటాను."

"అంత కరువా?"

"యుద్ధం అయ్యాక ఇంగ్లీషు రివాల్వర్లు పీపాల్లో దిగాయి. వాటి తూటాలు మాత్రం దిగలేదు. ఏం చేశారు మనవాళ్ళు? సిలిండర్ వెనకభాగం గోరు మందాన అరగదీసి, మన సైన్యం ఆటోమేటిక్ పిస్తోలు తూటాలు దూర్చారు. పట్టాయిలే. కానీ ఆ తూటాలో మందు ఆ ఇనుము ఓర్చుకునేది కాదు. మొదటి డబ్బా పేలుతుంది, రెండోది పేలుతుంది. ఓనాడు సిలిండర్ విచ్చుకుని మొహం ఎగిరిపోతుంది. అప్పుడు ఊరంతా ఏమంటుంది? ముసలాడికి చాదస్తం, ఏ తూటా పడితే ఆ తూటా పెట్టాడు అంటుంది."

మూడో ప్రమాదం ఇదే, అనుకున్నాడు లైల్.

"బ్రానక్ కర్నల్ గారిది అరగదీసిందేనా?"

"దాని బాధే ఆయన బాధ. అది వాళ్ళావిడ తమ్ముడిది, సెడ్రిక్‌ది. ఇంగ్లండు కుర్రాడు, యుద్ధంలో పోయాడు. తూటాలు దొరక్క ఈయన అరగదీయించాడు. ఆవిడ ఏమీ అన్లేదట, వంటింట్లో కూచుని 'మా వాడి చెయ్యి కోసినట్టుంది' అందిట. అంతే. పదకొండేళ్ళుగా అసలు సిలిండర్ వెతికిస్తున్నాడు. నాకు మూడు దొరికాయి, మూడూ అరగదీసినవే. ఇనుము మళ్ళీ మొలవదు కదయ్యా."

"మరి తూటాలు?"

"నేనే పోస్తాను. మెత్తటి సీసం, సగం మందు, వెనక దళసరి అంచు. వీటికి క్లిప్పులక్కర్లేదు. ఆటోమేటిక్ తూటాకి అంచుండదు, అర్ధచంద్రంలాంటి ఇనపక్లిప్పుకి మూడేసి తగిలిస్తేగానీ నిలవదు. ఆయన వేళ్ళు వంకర్లు పోయాయి, ఆ క్లిప్పులు పట్టలేడు. ప్రతి ఉత్తరం చివరా అదే మాట, 'క్లిప్పులు వద్దు' అని. చిత్రం, ఈ ఏడాది ఉత్తరమే రాలేదు."

క్రౌజ్ లైల్ మొహం చూసి, సాండ్‌విచ్ రెండో ముక్క ముందుకు జరిపాడు. "ముందిది తిను. పాలిపోయావు." తర్వాత ఆరు తూటాలున్న అట్టపెట్టె ఇచ్చాడు. "నువ్వెవరివో నాకెందుకులే. ఇవి ఆయనకియ్యి."

ఫోనులో స్టిక్నీ అంతా విన్నాడు. "తూటాలు మార్చారని రుజువుందా?"

"లేదు సార్."

"అయితే నోరు మెదపకు. పని అయిందో లేదో చూడ్డానికి వాళ్ళ మనిషి అక్కడికొస్తాడు. వాడు కావాలి మనకి. తుపాకీని కళ్ళారా చూసి, అప్పుడు కదులు."

సోమవారం సన్నటి జల్లు. సమాధి చుట్టూ ఇరవై మంది. బాకా ఊదడానికి ఎవరో కొత్తవాడు వచ్చాడు. నల్లటోపీలో లెన్కా కర్నల్ పక్కన నిలబడి ఉంది. లైల్‌ని చూసింది, చూడనట్టే తల తిప్పుకుంది. సంచిలోంచి రివాల్వర్ తీసి కర్నల్ చేతికిచ్చింది.

"నింపావా అమ్మాయ్?"

"నింపాను కర్నల్ గారూ."

ఆయన తుపాకీ ఆకాశంకేసి ఎత్తాడు. లైల్ మూడడుగుల దూరంలో ఉన్నాడు. సిలిండర్ వెనక సందులో సన్నటి ఇనపరేకు మెరిసింది. క్లిప్పు.

ట్రిగ్గర్ కదిలింది. వెనకనున్న హేమర్ సుత్తిలా లేచింది. లైల్ ఎడమచెయ్యి దూసుకుపోయి హేమర్‌కీ తూటాకీ మధ్య పడింది. హేమర్ బొటనవేలి పక్క కండలో కసుక్కున దిగింది. తూటా పేలలేదు.

బాకా పారేసి కొత్తవాడు పరుగెత్తాడు. సమాధులు తవ్వేవాళ్ళ వేషంలో ఉన్న స్టిక్నీ మనుషులిద్దరూ వాణ్ణి తడిగడ్డి మీద పడేశారు. లెన్కా మాత్రం కదల్లేదు. చేతులు ముందుకు చాపింది. బేడీలు పడ్డాయి.

"ఆ తూటాలు వాడిచ్చినవేనా?" అడిగాడు లైల్, చేతికి రుమాలు చుట్టుకుంటూ.

"వాడే. పుస్తకం చూసి తెచ్చాడు, క్లిప్పులతో సహా. మందు రెట్టింపు."

"ఆయన క్లిప్పులు వాడడని నీకు తెలుసు."

"క్రౌజ్‌కి రాసిన ఉత్తరాలన్నీ నేనే టైప్ చేశాను లైల్."

"వాడికి చెప్పలేదేం?"

"వాడు అడగలేదు." టోపీ అంచునుంచి నీళ్ళు కారుతున్నాయి. "ఈస్టర్ ముందు ప్రాగ్‌లో మా చెల్లెల్ని పట్టుకుపోయారు. ఈ పని చేస్తే వదుల్తామన్నారు. చెయ్యనూ లేకపోయాను, మానెయ్యనూ లేకపోయాను. అందుకే మీకా రెండు మాటలు పంపాను. ఆ క్లిప్పులు నువ్వు చూడకపోతే..." ఆపేసింది. "ఇక మా చెల్లెల్ని బతకనివ్వరు."

లైల్ రుమాలు ముడి బిగించాడు. తనకు కావలసిన తూటా పట్టేలా ఈ మనిషిని అరగదీసింది తనే.

కర్నల్ అంతా విన్నాడు. వంకరవేళ్ళతో రివాల్వర్‌ని మధ్యకి మడిచి తెరిచి, క్లిప్పులు తూటాలతో సహా గడ్డిలో వదిలేశాడు. లైల్ అందించిన క్రౌజ్ పెట్టె తీసుకుని, తుపాకీతో సహా లెన్కా ముందుకు చాపాడు.

"నువ్వే పెట్టమ్మా. నా కళ్ళకి ఆనదు."

ఆమె పక్కన కాపలా ఉన్న స్టిక్నీ మనిషి అడ్డం రాబోయాడు. లైల్ అతన్ని ఆగమన్నట్టు తల ఊపాడు. బేడీలు గలగలమంటుండగా ఆమె ఒక్కొక్కటే ఆరూ పెట్టింది.

"మీ చెల్లెలి పేరేంటి?"

"రూజెనా."

ఆయన అయిదుసార్లు సెడ్రిక్ కోసం పేల్చాడు. ఆరోది పేల్చేముందు టోపీ తీశాడు. "రూజెనా," అని మెల్లగా అన్నాడు.

మంగళవారం కర్నల్ వేలు చూపించి ఆ పెద్దమనిషిని గుర్తుపట్టాడు. ప్రాగ్‌నుంచి మాత్రం ఏ కబురూ రాలేదు.

బుధవారం సాంకేతిక విభాగం వాళ్ళ ఫారం వచ్చింది. వాడిన పరికరం అన్నచోట లైల్ 'ఎడమ చెయ్యి' అని రాశాడు. స్టోరుకి తిరిగి అప్పగించారా అన్నచోట కాసేపు ఆలోచించి, 'కొంతవరకు' అని రాసి సంతకం పెట్టాడు.