అరచేతిలో కనిపించిన అవ్వ

సోమనర్సయ్యా, నిన్నే అడిగేది. నగేశ్, నిన్ను కూడా. హోటల్ బల్ల మీద కూర్చుని చాయ్ చప్పరిస్తూ "ఆమె పండ్లు రాలగొట్టాలె" అన్న పెద్దమనుషులారా, మిమ్మల్ని మరీ ముఖ్యంగా. చంద్రమ్మను ఇంట్లోంచి తరిమింది దేవుడు కాదు, దయ్యమూ కాదు. మీరు. ఒక ముసలి మనిషిని మంత్రగత్తెను చేయడానికి మీకు పెద్ద సరంజామా కూడా అక్కర్లేకపోయింది. ఇంత కాటుక, ఇంత ఆముదం, ఒక చిన్నపిల్ల అరచెయ్యి. అంతే. జరిగింది జరిగినట్టు చెబితే మీకు సిగ్గేస్తుందో లేదో చూద్దాం.

నర్మెట్టకు దగ్గరి ఊరు. పత్తి ఏరే కూలీల కోసం ఆటో హారన్ కొడుతోంది. సోమనర్సయ్య ఇంటి వాకిట్లో చంద్రమ్మ మనుమరాలి తల దువ్వుతోంది. చంద్రమ్మ సోమనర్సయ్యకు అక్క. మొగుడు పోయాక పుట్టింటికి వచ్చింది. తమ్ముడి భార్య కాన్పులో చనిపోతే, పసిగుడ్డు నగేశ్‌ను ఆమే పెంచి పెద్దచేసింది. ఇప్పుడు నగేశ్ కూతురు అమూల్య కూడా ఆమె చేతుల్లోనే పెరుగుతోంది.

"అవ్వా, గట్టిగ గుంజకు. నొస్తుంది."

"నొయ్యకుంట జడ నిలుస్తదా? నీ తల దువ్వుడు కంటె చేన్ల గరిక పీకుడు నయం."

అమూల్య కిలకిల నవ్వింది. ఆ నవ్వు విని లోపల మంచంలో ఉన్న స్వరూప గోడవైపు తిరిగింది. అమూల్య తల్లి ఆమె. ఐదో నెల నిండకుండానే కడుపు పోయింది. పోయిన ఏడాది కూడా ఇలాగే, ఇదే నెలలో. రెండుసార్లూ జనగామ దవాఖానకు తీసుకెళ్లారు. రెండుసార్లూ ఒట్టి చేతులతో ఇంటికి తెచ్చారు.

సోమనర్సయ్య తువ్వాల భుజాన వేసుకుని వాకిట్లోకి వచ్చాడు. "అక్కా, పగటియాల్లకు సంజీవ వస్తుండు. కాటారం దిక్కు మనిషి. అంజనం ఏసి చూస్తడు. మన ఇంటి మీద ఎవరి కన్ను పడ్డదో ఇయ్యాల తేలిపోతది."

"అంజనమెందుకురా తమ్మీ? కోడల్ని ఇంకో డాక్టరుకు చూపియ్యరాదు?"

"డాక్టర్లు చూసిండ్రు గద. ఏం పీకిండ్రు? వాళ్లకు కనబడనిది అంజనంల కనబడతది. మన అమూల్య ఎదురుకాళ్లతోని పుట్టింది. గసొంటి పిల్లలకే కనబడతదట."

"ఏమోరా. పిల్లనైతె భయపెట్టకుండ్రి."

నగేశ్ నల్లా దగ్గర పళ్లు తోముకుంటున్నాడు. అన్నీ విన్నాడు. నోట్లోంచి పుల్ల తీయలేదు.

మిట్టమధ్యాహ్నం ఇంటి తలుపులు మూశారు. నడిమింట్లో ఆముదం దీపం పెట్టారు. సంజీవ నుదుటి నిండా కుంకుమ పెట్టుకుని చాప మీద కూర్చున్నాడు. గిన్నెలో కాటుకను ఆముదంతో రంగరించి అమూల్య అరచేతికి దట్టంగా పూశాడు. దీపం వెలుగులో ఆ నలుపు అద్దంలా మెరిసింది. దాన్ని రెప్పవాల్చకుండా చూడాలి. ముందు హనుమంతుడు వచ్చి నేల ఊడుస్తాడు, కుర్చీ వేస్తాడు, ఆ తర్వాత కీడు చేసిన మనిషి వచ్చి కూర్చుంటాడు. పిల్లకు అది కనిపిస్తుంది. పిల్ల పేరు చెబుతుంది. ఇదీ అంజనం.

అమూల్యకు ఏడుపు వచ్చింది. "అవ్వ నా ఎనుక కూసుంటెనే చూస్త."

చంద్రమ్మ వచ్చి వెనక కూర్చుని, రెండు చేతులతో పిల్ల భుజాలు పట్టుకుంది. తనకూ కనిపిస్తుందేమోనని పిల్ల భుజం మీది నుంచి వంగి ఆ అరచేతిలోకి చూసింది.

"హనుమంతుడు ఊడ్చిండా బిడ్డా?" అన్నాడు సంజీవ.

అమూల్య తాత ముఖం చూసింది. తాత కళ్లెర్రజేశాడు. "ఊఁ."

"కుర్చీ ఏసిండా?"

"ఊఁ."

"ఇప్పుడు మీ అమ్మ కడుపు తీసినోళ్లు రావాలె. జర మంచిగ చూడు. మొఖం కనబడ్డదా?"

"ఆఁ."

"ఆడమనిషా, మొగమనిషా?"

"ఆడామె. ముసలామె." అమూల్య ముఖం ఒక్కసారిగా విప్పారింది. గుర్తుపట్టిన సంబరంతో అరిచింది. "అరే, మా అవ్వ!"

చంద్రమ్మే ముందు నవ్వింది. "నేను గాక ఇంకెవరు కనబడ్తరే నీకు?"

ఆమెతో ఎవరూ నవ్వలేదు. సంజీవ గిన్నె పక్కకు జరిపి లేచాడు. "ఇంట్లనే ఉన్నది. నేనేం జేస్త? ఆమెను ఉంచుకుంటె ఇంకోటి కూడ నిలువది. నేను చెప్పేది చెప్పిన." చాటలో పెట్టిన బియ్యం సంచిలో పోసుకుని వెళ్లిపోయాడు. ఎంత తేలికైన పనో చూడండి. ఒక ఇంటిని రెండు ముక్కలు చేసి, బస్సెక్కి పోవడం.

"అక్కా," అన్నాడు సోమనర్సయ్య ఆమె వైపు చూడకుండా, "నువ్వు బాయికాడికి పో. కొన్నొద్దులు అక్కడనే ఉండు."

"ఏంరా, నిజంగనే అంటున్నవా? పోరి ఏందో అన్నదని..."

"పిల్ల అబద్ధమాడదు."

"నగేశూ, నువ్వన్న చెప్పురా మీ నాయినకు."

నగేశ్ తల వంచుకున్నాడు. చంద్రమ్మ లోపలి గది తలుపు దగ్గర నిలబడి మంచంలో ఉన్న స్వరూపను చూసింది. స్వరూప మళ్లీ గోడవైపు తిరిగింది. రెండు కడుపులు పోయిన మనిషికి ఎవరో ఒకరి మీద కోపం కావాలి. చేతికందే మనిషిని చూపించారు. ఆమె తీసుకుంది. ఇందులో ఆమెకు కూడా మాఫీ లేదు.

చంద్రమ్మ రెండు చీరలు మూటగట్టుకుని, అందరూ చూస్తుండగా ఎండలో పొలం దారి పట్టింది. బావి దగ్గర మోటారు పెట్టుకునే చిన్న రేకుల కొట్టం ఉంది. అందులో దిగింది.

సోమనర్సయ్య అంతటితో ఆగాడా? ఆగలేదు. హోటల్ దగ్గరికి వెళ్లి తనే చెప్పాడు. ఇంటి మాట ఊరి మాటైంది. ఒకడు తన బర్రె చచ్చిన సంగతి గుర్తుచేసుకున్నాడు. ఇంకొకడు కొడుకు పెళ్లి తప్పిపోవడం గుర్తుచేసుకున్నాడు. ఊళ్లోని పాత ఏడుపులన్నీ ఒక్క మనిషి నెత్తిన రుద్దారు. పళ్లు రాలగొడితే నోట్లో మంత్రం పలకదని ఒక పెద్దమనిషి ఉపాయం చెప్పాడు. ఎవరూ కాదనలేదు. మరుసటి రోజు నుంచి కూలికి వెళ్లే ఆడవాళ్లు ఆ బావి దారి వదిలి చుట్టూ తిరిగి పోసాగారు. కొట్టం రేకుల మీద రాళ్లు పడసాగాయి.

ఇంట్లో అమూల్య మాట్లాడటం మానేసింది. తల దువ్వుతానంటే తల్లిని దగ్గరికి రానివ్వలేదు. బడిలో పిల్లలు దాని పక్కన కూర్చోవడం లేదు. "మీ అవ్వ మంత్రాలది, నువ్వు అంజనం దానివి" అంటున్నారట.

ఆ వారంలో స్వరూప మళ్లీ దవాఖానకు చూపించుకోవాలి. నగేశ్ పని ఉందన్నాడు. ఆమె అమూల్యను తీసుకుని ఒంటరిగా జనగామ బస్సెక్కింది. డాక్టరమ్మ పరీక్ష చేసి విసుక్కుంది.

"మీ గర్భసంచి మూతి వదులుగా ఉందమ్మా. లోపల బరువు పెరిగితే ఆపలేదు. మూడో నెల దాటగానే కుట్టు వేస్తే చాలామందికి నిలుస్తుంది. పోయినసారే మీ ఆయనకు చెప్పాం, ఈసారి మూడో నెలలోనే తీసుకురమ్మని. ఎందుకు రాలేదు?"

"మా ఆయనకు చెప్పిండ్రా మేడం?"

"ఇక్కడే, ఈ కుర్చీలోనే కూర్చోబెట్టి చెప్పాను."

తిరుగు బస్సులో స్వరూప అమూల్య అరచెయ్యిని తన చేతిలోకి తీసుకుంది. తర్వాత మెల్లగా అడిగింది. "బిడ్డా, ఆ రోజు నీ చేతుల ఏం కనబడ్డది? నిజం చెప్పు. నిన్నేమీ అనను."

"అవ్వ మొఖమే అమ్మా. నా బుజం మీదికెల్లి వంగి చూసింది గద. చెయ్యి నల్లగ మెరుస్తుండె. దాంట్ల అవ్వ కనబడ్డది. ఎవరని ఆయన అడిగిండు. చెప్పిన."

"మరి హనుమంతుడు?"

"ఏం రాలే. ఊఁ అనకపోతె తాత కొడ్తడని అన్న." పిల్ల వెక్కిళ్లు పెట్టింది. "అవ్వను నేనే ఎల్లగొట్టిన గదా అమ్మా?"

స్వరూప పిల్లను గుండెలకు హత్తుకుంది. ఆ పిల్లను ఎక్కువగా ప్రేమించిన మనిషి, దాని భయం పోగొట్టడానికి వెనక కూర్చుంది. ఆ ప్రేమకే ఇంట్లోంచి గెంటారు. ఇంటికి చేరేదాకా స్వరూప కన్నీళ్లు తుడుచుకోలేదు. ఇంటికి చేరాక ఏడవలేదు.

తండ్రీకొడుకులు వాకిట్లోనే ఉన్నారు. చెప్పులు విప్పకుండానే ఆమె నగేశ్ ఎదుట నిలబడింది. "కుట్టు ఎయ్యాలని డాక్టరమ్మ నీకు చెప్పిందా లేదా?"

నగేశ్ తండ్రి వైపు చూశాడు. "అప్పుడెప్పుడో అన్నది. యాది మర్చిన."

"యాది మర్చినవా, దాచినవా?"

"ఆడోళ్ల ముచ్చట... బాపుతోని ఎట్ల చెప్పాలె? ఊర్ల తెలిస్తె నవ్వుతరనుకున్న. ఈసారి నిలుస్తదనుకున్న."

"నాతోని చెప్పనీకి నీకేమడ్డమొచ్చింది? కడుపు మోసింది నేను గాదా? సరే, నాకు చెప్పనీకి నోరు రాలే. నిన్ను పెంచిన అత్తమ్మను మీ నాయిన బయటికి తోలుతుంటె? అప్పుడు గూడ రాలేదా నోరు? అన్నీ తెలిసి తల వంచుకొని నిలబడ్డవ్ గదయ్యా!"

సోమనర్సయ్య గద్దించాడు. "ఏయ్, మొగన్ని పట్టుకొని గా మాటలేంది? డాక్టర్లు నూరు చెప్తరు. అంజనంల కనబడ్డది అబద్ధమైతదా?"

"కనబడ్డది నిజమే మామా. ఎనుక కూసున్న మనిషి మొఖం మెరిసే చేతుల కనబడ్డది. అద్దంల కనబడ్డట్టు. నీ మనుమరాలే చెప్పింది."

"పిల్లకు నువ్వే నేర్పి తెచ్చినవ్."

స్వరూప లోపలికి వెళ్లింది. సంజీవ వదిలేసిన కాటుక గిన్నె తెచ్చి ఆయన ముందు పెట్టింది. "నా చేతికే పూసుకుంట. నువ్వొచ్చి నా ఎనుక కూసో. అత్తమ్మ వంగినట్టే వంగి చూడు. నీ మొఖం కనబడకపోతె అత్తమ్మను నేనే ఊరు దాటిస్త. కనబడితె, నా కడుపు తీసింది నువ్వేనని నేను గూడ హోటల్ కాడ చెప్పొస్త. కూసో మామా."

సోమనర్సయ్య కూర్చోలేదు. ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఏమైంది? భయమైతుందా? గా ముసలామెకు ఎంత భయమైతుండె!"

ఆయన అరుగు మీద కూలబడ్డాడు. తువ్వాలతో ముఖం కప్పుకున్నాడు. తువ్వాలలోంచే అన్నాడు. "నిన్న మోటరెయ్య పోయిన. తలుపు మీద రాళ్లు తాకిన సొట్టలున్నయి. లోపట అక్క దగ్గుతుంది. ఎట్లున్నవని గూడ అడగలే. మోటరేసి మర్లి వచ్చిన."

నగేశ్ ముందు లేచాడు. నలుగురూ బావి దారి పట్టారు.

చంద్రమ్మ కొట్టం ముందు నీడలో కూర్చుని ఉంది. బాగా చిక్కిపోయింది. నుదుటి మీద దెబ్బకు గుడ్డ కట్టుకుంది. అమూల్య పరుగెత్తి కాళ్ల మీద పడింది. "నేనే చెప్పిన అవ్వా, నేనే చెప్పిన..."

"నువ్వు కండ్లకు కనబడ్డదే చెప్పినవ్ బిడ్డా. నీ కండ్లు మంచియే. పెద్దోళ్ల బుద్ధే పాడు." ఆమె పిల్లను ఒళ్లోకి లాక్కుంది. స్వరూప ఎదురుగా నేల మీద కూర్చుని, డాక్టరమ్మ చెప్పిందంతా, నగేశ్ దాచిన కుట్టు సంగతితో సహా చెప్పి రెండు చేతులూ జోడించింది. చంద్రమ్మ ఆ చేతులు విడదీసి కిందికి దించింది గానీ, ఆమె ముఖం వైపు చూడలేదు.

నగేశ్ ఏడ్చాడు. సోమనర్సయ్య ఏడ్చాడు. కళ్లు తుడుచుకుని అన్నాడు, "అక్కా, తప్పయింది. ఇంటికి పోదాం. జర పొద్దు గూకనీ. చీకటి పడ్డంక దొడ్డిదారిన పోతె ఎవ్వలు చూడరు. నాలుగొద్దులైతె ఊరోళ్లే మర్చిపోతరు."

చంద్రమ్మ చివ్వున తలెత్తింది.

"చీకట్ల ఎందుకురా? నేనేం దొంగతనం జేసిన? నువ్వు నన్ను తోలినప్పుడు ఎండ నెత్తి మీదుండె. నువ్వు ఏడుస్తున్నవ్, మంచిదే. నీ ఏడుపు నీ ఇంట్లనే ఉంటది. నువ్వన్న మాట ఊర్ల తిరుగుతుంది. రేపు ఎవని బర్రె సచ్చినా, ఎవని పోరనికి జరమొచ్చినా, నా మీదికే వస్తరు. అప్పుడు నా పండ్లు గాదు, పానమే తీస్తరు. ఇంట్ల దాచుకుంటె ఆగుతరా?"

"మరి ఏం జెయ్యమంటవ్ అక్కా?"

"లెవ్వు. నా ముంగట నడువు. యాడ చెప్పినవో ఆడనే నిలబడి, గంతే పెద్దగ చెప్పు. 'మా అక్కకు ఏ మంత్రం రాదు, నేను తప్పుడు మాట చెప్పిన' అను. నగేశూ, డాక్టరమ్మ ఏం చెప్పిందో నువ్వు చెప్పాలె, కుట్టు ముచ్చటతోని సహ. నవ్వేటోళ్లను నవ్వనీ. ఆ సంజీవ మీద ఠాణాల దరఖాస్తు ఇయ్యుండ్రి, నా నెత్తి పగలగొట్టినోళ్ల మీద గూడ. ఇంకే ఇంట్ల, ఇంకే పిల్ల చేతికి వాడు మసి పూయొద్దు. ఇవన్ని అయితెనే నేను గడప తొక్కుత. రేపు గాదు, ఎల్లుండి గాదు. ఇప్పుడే. ఊరంత చూడంగ."