మూడు రోజుల మచ్చలు

ఆసుపత్రి మంచం మీద తాతయ్య కళ్లజోడు సర్దుకుని నోటుబుక్కు తెరవగానే గువ్వ గుండె గుభేలుమంది.

తాతయ్య వాతావరణ కేంద్రంలో పనిచేసి రిటైరయ్యాడు. ముప్ఫై ఏళ్లుగా రోజూ పొద్దున్నే డాబా మీద టెలిస్కోపు పెట్టి, సూర్యుడి బొమ్మ తెల్లకాగితం మీద పడేట్టు చేసి, అందులో నల్లమచ్చలు లెక్కపెట్టి నోటుబుక్కులో రాసేవాడు. ఒంట్లో బాగాలేక ఆసుపత్రిలో చేరాక ఆ పని మనవరాలికి అప్పగించాడు.

గువ్వ రెండు రోజులు బుద్ధిగా చూసింది. ఆ తర్వాత పక్కింటి పిల్లకు కొత్త సైకిల్ వచ్చింది. సైకిల్ ముందు సూర్యుడు ఏపాటి? మూడు రోజులు డాబా మొహమే చూడలేదు. ఇవాళ అమ్మ "తాతయ్య దగ్గరికి వెళ్దాం పద" అనగానే నాలుగు, అయిదు, ఏడు అని గబగబా తోచిన అంకెలు వేసేసింది.

"ఏడు మచ్చలా!" తాతయ్య కళ్లు మెరిశాయి. "సూర్యుడు నిద్ర లేస్తున్నాడే గువ్వా! రెండేళ్ల నుంచీ ఎదురుచూస్తున్నాను."

"లేస్తే ఏమవుతుంది తాతయ్యా?" నోటుబుక్కు వైపు చూడకుండా అడిగింది.

"ఈ మచ్చలు ఇంచుమించు పదకొండేళ్లకోసారి పెరిగి, తగ్గుతుంటాయి. పెరిగినప్పుడు ఎక్కడో పైనున్న గాలిపొర ఉబ్బుతుంది. సముద్రాలు రవ్వంత ఎక్కువ వేడి తాగుతాయి. రవ్వంతేలే! కానీ భూమి ఇంతలా వేడెక్కడంలో సూర్యుడి వంతెంత, మన పొగ వంతెంత అని తేల్చాలంటే ఇలాంటి లెక్కలే ఆధారం."

నిజం గువ్వ నాలుక చివరిదాకా వచ్చింది. ఎన్నాళ్లకో నవ్విన ఆ మొహం చూసి మింగేసింది. 'రేపు చెబుదాంలే' అనుకుంది.

తెల్లారేసరికి తాతయ్య లేడు.

నెల తర్వాత, తాతయ్య దగ్గర పని నేర్చుకున్న మేడమ్ ఇంటికొచ్చింది. వాతావరణ కేంద్రానికి తీసుకెళ్లడానికి నోటుబుక్కులన్నీ అట్టపెట్టెలో సర్దుతూ, "మీ నాన్నగారి లెక్కలో ఒక్క అబద్ధం ఉండదండీ. కళ్లు మూసుకుని నమ్మొచ్చు" అంది అమ్మతో.

గువ్వ నోరు విప్పకపోతే ఎవరికీ తెలియదు. కానీ ఆ మాట చెవిలో పడ్డాక ఊరుకోలేకపోయింది.

"మేడమ్, ఆ చివరి పుస్తకం ఒక్కసారి ఇస్తారా?" అని తీసుకుని, ఆ పేజీ చూపించింది. "ఈ మూడూ నేను చూడలేదు. ఊరికే వేశాను. తాతయ్యకి కూడా చెప్పలేదు. అవి చూసి... ఎంతో సంతోషపడ్డాడు." వెక్కి వెక్కి ఏడ్చింది.

అమ్మ కొంగుతో నోరు నొక్కుకుంది. మేడమ్ పెన్ను అందించింది.

"చెరపకు. కొట్టేసి, పక్కన నిజం రాయి."

గువ్వ ఒక్కో అంకె మీదా గీత గీసి, పక్కన "చూడలేదు" అని రాసింది. మూడుసార్లు.

మర్నాడు పొద్దున్నే కొత్త నోటుబుక్కుతో డాబా ఎక్కింది. ఆకాశమంతా మబ్బు. స్కూలు టైమయ్యేదాకా అక్కడే కూర్చుంది. తేదీ వేసి, "మబ్బు. ఏమీ కనబడలేదు" అని రాసి, కళ్లు తుడుచుకుంటూ మెట్లు దిగింది.