తాళం పడ్డ మల్లెతీగ

"ఆ సాఫ్ట్‌వేర్ దొంగ కాపీ వెయ్యనంటే వెయ్యను," అన్నాడు వజ్దీ, స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టేసి.

"మహ్దియా ఊరంతా వేస్తోంది. మీరొక్కరే మహా పుణ్యాత్ములా?" అంది ఎమ్నా.

బయట సెప్టెంబరు తొలివాన దంచి కొడుతోంది. ల్యాప్‌టాప్ తడవకూడదని ఎమ్నా తలగుడ్డ తీసి దానికి చుట్టుకొచ్చింది. తను మాత్రం నిలువునా తడిసిపోయింది. జుట్టులోంచి కారే నీళ్లు ఆ కంప్యూటర్ రిపేరు కొట్టు గచ్చు మీద చిన్న మడుగు కట్టాయి. వజ్దీ ఆ మడుగు వైపు చూడాలని గట్టిగా ప్రయత్నించాడు గానీ, చూపు ఆమె మొహం దగ్గరే ఆగిపోయింది.

"డబ్బు కట్టి కొత్తది తీసుకోండి మరి."

"కడతానన్నా తీసుకోరు! బయటి దేశం కంపెనీ, మన కార్డు వాళ్లకి చెల్లదట. పొద్దున్నుంచీ మూడు మెయిళ్లు పంపాను. మూడింటికీ ఒకటే జవాబు, 'మీ సహనానికి కృతజ్ఞతలు' అని. నాకు సహనం ఉందని వాళ్లకెవరు చెప్పారు?"

వజ్దీకి నవ్వాగలేదు. అదే తప్పయింది. ఎమ్నా ల్యాప్‌టాప్ ఎత్తుకుని గుమ్మం దాకా వెళ్లిపోయింది.

"ఆగండాగండి! ఇవాళ నేను తాళం పగలగొడితే రేపు వాళ్లు కొత్త తాళం వేస్తారు. మళ్లీ మీరు ఇలాగే తడుస్తూ రావాలి. అందులో నాకేం నష్టం లేదనుకోండి... ముందు ఏమైందో చెప్పండి."

ఆమె చెప్పింది. తల్లి మున్జియా పెళ్లిబట్టల మీద కుట్టుపని చేయడంలో పేరు మోసిన మనిషి. మూడేళ్ల క్రితం ఆమె చేతులకి వణుకొచ్చింది. సూది వదిలేసేలోపు ఎమ్నా పక్కన కూర్చుని, తల్లికి తెలిసిన నూట ఇరవై నమూనాలూ కంప్యూటర్లోకి ఎక్కించింది. అప్పట్నుంచీ వాటిని కంప్యూటర్ నడిపే మిషను కుడుతోంది. ఈ పొద్దున ఆ సాఫ్ట్‌వేర్ పాత రకాన్ని కంపెనీ ఆపేసింది. నమూనాలు ఒక్కటీ తెరుచుకోవడం లేదు. పెళ్లిబట్టలు కుట్టిస్తామని మాటిచ్చిన దుర్రా అనే అమ్మాయి పెళ్లి పన్నెండు రోజుల్లో ఉంది.

"అవి మా అమ్మ గీసినవి. మా అమ్మ పూలు చూసుకోవడానికి నేనెవర్నో అడగాలా?" అంది ఎమ్నా.

వజ్దీ ఇంక నవ్వలేదు.

మర్నాడు వాళ్లింటికే వచ్చి వేరే సాఫ్ట్‌వేర్ ఒకటి వేశాడు. "దీనికి ఎవరూ తాళం వెయ్యలేరు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అంటారు. ఎలా పనిచేస్తుందో విప్పి చూడొచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికీ పంచొచ్చు."

"ఊరికే ఇస్తారన్నమాట."

"ఊరికే అని కాదు. ఊరికే వేరు, స్వేచ్ఛ వేరు."

"నాకు ప్రోగ్రాం రాయడం రాదు, చదవడం రాదు. ఆ స్వేచ్ఛని నేనేం చేసుకోను, ఊరగాయ పెట్టుకోనా?"

వజ్దీ నోరు తెరిచేలోపే, దివాను మీద కూర్చున్న మున్జియా అందుకుంది.

"నీ మొహం! నేను కుట్టే ఆ మల్లెతీగ నమూనా నాకు మా మేనత్త నేర్పింది. నేర్పి, ఏటేటా తనని అడిగి కుట్టమందా? 'మధ్యలో చేప కలుపుతానత్తా' అంటే 'నీ ఇష్టమే తల్లీ' అంది. పక్కింటి పిల్లకి నేర్పితే కొట్లాటకి రాలేదు. అలా ఇవ్వకపోయుంటే ఆ తీగ ఆవిడతోనే పోయేది. సూదిలో దారం ఎక్కించడం రాని పెళ్లికూతుళ్లు కూడా ఇవాళ దాన్ని తొడుక్కుంటున్నారా లేదా?"

"నేను చెప్పబోయింది అదే ఖాలా," అన్నాడు వజ్దీ, పిన్ని వరస కలిపేసి.

"అబ్బో! చెప్పేవారే!" అంది ఎమ్నా.

అయితే పని తేలిగ్గా తెమల్లేదు. కొత్త సాఫ్ట్‌వేర్ పాత ఫైళ్లలోని కుట్లని చదవగలిగింది గానీ, కొలత మార్చుకోవడానికి కావలసిన బొమ్మ గీతలు రాలేదు. ఒక్కో పువ్వూ మళ్లీ గీయాలి. కొట్టు మూసేశాక వజ్దీ రోజూ వచ్చేవాడు. మున్జియా వణికే వేలితో తెర మీద చూపించేది, వాళ్లిద్దరూ గీసేవారు, మధ్యలో పోట్లాడుకునేవారు.

"అది ఆకా, చెప్పుల అట్టా?" అనేది ఎమ్నా.

"మీరు మౌస్ మీంచి చెయ్యి తీస్తే ఆకే అవుతుంది."

చెయ్యి మాత్రం ఎవరూ వెంటనే తీయలేదు.

పెళ్లి ఇంకా ఆరు రోజులుందనగా అసలు చిక్కొచ్చింది. నడుంపట్టీ మీద వధూవరుల పేర్లు రావాలి. మిషను మాత్రం ఒకదానితో ఒకటి కలిసి ఉండాల్సిన అరబ్బీ అక్షరాల్ని విడివిడిగా, ఆస్తి తగాదా పడ్డ అన్నదమ్ముల్లా ఎడంగా కుట్టింది.

"సరిచెయ్యండి."

"నాకూ ప్రోగ్రాం రాదు. నేనుత్త రిపేరువాణ్ణి."

"ఇన్నాళ్లూ వచ్చనుకున్నానే!"

"మీరలా అనుకుంటుంటే బావుందని ఊరుకున్నాను."

ఆమె కోప్పడబోయి నవ్వేసింది. ఇంటర్నెట్‌లో ఆ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు కలిసి మాట్లాడుకునే చోట ఇద్దరూ ఉత్తరం రాశారు. ఏ అక్షరం దేనితో కలవాలో, దారం ఎక్కడ తెగకూడదో ఎమ్నా చెబుతుంటే వజ్దీ టైపు చేశాడు. రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. మూడోరోజు జవాబొచ్చింది. అల్జీరియాలో ఒక లెక్కల మాస్టారట. 'సరిచేశాను. మీరు అంత వివరంగా చెప్పకపోతే నాకు తట్టేది కాదు. మా ఆవిడా కుడుతుంది, ఆవిడ మీకు దీవెనలు చెప్పమంది.'

పేర్లు ముత్యాల్లా కలిసి వచ్చాయి. ఎమ్నా చాలాసేపు ఆ పట్టీని వేలితో నిమురుతూ కూర్చుంది. ఎక్కడో ఉన్న ఎవరో మాస్టారు తన మాట విని పని చేశాడు! డబ్బు కడతానన్నా ఆ కంపెనీ వినలేదు.

దుర్రా పెళ్లి బ్రహ్మాండంగా జరిగింది. పెళ్లికూతురు నడిచొస్తుంటే ఆడవాళ్లు నాలుకలాడిస్తూ చేసే ఉలూలు ధ్వనులతో వీధి మారుమోగింది.

మర్నాడు సాయంత్రం వజ్దీ మళ్లీ వచ్చాడు. మున్జియా టీ గ్లాసు అందిస్తూ అడిగింది. "ఏం నాయనా, ఇంకా ఏం పాడైంది?"

"ఏమీ లేదు ఖాలా."

"మరి?"

వజ్దీ చెవులు ఎర్రబడ్డాయి. ఎమ్నా దారపు ఉండ చుడుతూ, తలెత్తకుండానే అంది. "పనైపోయిందిగా. వెళ్లొచ్చు. ఇక్కడ మిమ్మల్నెవరూ కట్టెయ్యలేదు."

"తెలుసు. ఎవరూ కట్టెయ్యలేదు. అయినా రోజంతా కొట్లో కూర్చుని ఎప్పుడు మూస్తానా, ఎప్పుడు ఇక్కడికొస్తానా అని చూస్తున్నాను. నాకు నువ్వంటే ఇష్టం ఎమ్నా."

ఎమ్నా చేతిలోని ఉండ జారి, విప్పుకుంటూ గదంతా దొర్లింది.

మున్జియా గొంతు సవరించుకుంది. "శుక్రవారం మీ అమ్మని తీసుకురా అబ్బాయ్. చేపల కుస్కుస్ చేస్తాను."

"వాళ్లమ్మకి కారం పడుతుందో లేదో అడుగమ్మా," అంది ఎమ్నా, దివాను కింద దారం వెతుకుతున్నట్టు మొహం దాచుకుని.