జీడికొట్టులో కామాక్షమ్మ గొంతు

మా పెరట్లో ఉన్న జీడికొట్టుకి మంచి పేరు లేదు.

కాశీబుగ్గలో మా వీధివాళ్ళు పొద్దు వాలాక ఆ గోడ వారన నడవరు. చుట్టు తిరిగి పెద్దరోడ్డు మీంచి వస్తారు. ఎదురింటి కూర్మారావయితే పట్టపగలు కూడా ఓ దణ్ణం పెట్టుకునే దాన్ని దాటుతాడు.

మామగారి రోజుల్లో జీడిపిక్కల బస్తాలు వేసుకునే గది అది. తరవాత ఖాళీ. పదకొండేళ్ళ కిందట మా అత్తగారు కామాక్షమ్మగారు ఆఖరి నెలంతా అందులోనే మంచం వేయించుకుని, అందులోనే పోయారు. గాలి బాగా వస్తుందని ఆవిడే కోరుకున్నారు. కారణాలు ఎవరికి కావాలి? ముసలమ్మ కొట్టులో పోయింది... కాబట్టి కొట్టులోనే ఉంది. వీధి తీర్పు అది.

ఇక అక్కడ జరిగింది, మా మరిది శేషగిరి చెప్పినది చెప్పినట్టే చెబుతాను.

ఆయన రిటైరైన హెడ్మాస్టరు. మేడమీద వాటాలో ఉంటారు. దేవుడు లేడనీ, దెయ్యం అసలే లేదనీ ముప్పై ఏళ్ళపాటు పిల్లలకి పాఠం చెప్పారు. నేను సంధ్యాదీపం పెడుతుంటే, "వదినా, ఆ నూనెతో నాలుగు గారెలు వేగేవి" అంటారు. నేను వత్తి ఎగదోస్తాను. నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాను. నా మాట పక్కగదికి కూడా చేరదు.

ముందు సర్వరు సంగతి చెప్పాలి.

మా అబ్బాయి ఫణిశంకర్ టెక్కలిలో గుమాస్తా. "నెల నెలా అద్దెకి తెచ్చుకునే సినిమా మనది కాదమ్మా. వాళ్ళు తీసేసిన రోజు పోతుంది. మన ఇంట్లో, మన పెట్టెలో ఉంటేనే మనది" అన్నాడు ఒకరోజు. ఎవరో వద్దనుకున్న పాత కంప్యూటరొకటి తెచ్చాడు. పోతూ వస్తూ రైల్లో వీడియోలు చూసి నేర్చుకున్నాడు. సినిమాలూ, పాటలూ, పుస్తకాలూ అన్నీ అందులో ఉంటాయట. ఇంట్లో ఎవరి ఫోనులోంచి వాళ్ళు అడిగి తెప్పించుకోవచ్చట. అది ఇంటిల్లిపాదికీ సేవ చేస్తుంది, అందుకే సర్వరంటారన్నాడు. మొదటి రెండు నెలలూ మావాడే దానికి సేవ చేశాడు. కరెంటు పోతే అది పడుకునేది, వీడు లేచేవాడు. తెలుగు పుస్తకాల పేర్లన్నీ చిన్న చిన్న గళ్ళుగా కనిపించేవి. మంగళహారతి నొక్కితే కొట్లాట సినిమా వచ్చేది. పైగా దాని ఫ్యాను రొద! హాల్లో మాటలు వినపడటం లేదని నేనంటే, తీసుకెళ్ళి కొట్టులో పెట్టాడు.

పెడితే పెట్టాడు గాని, ఒక్క మంచి పని చేశాడు. అత్తగారి క్యాసెట్లు పద్నాలుగు ఉండేవి. పెళ్ళిపాటలు, జోలలు, హారతులు. పాటకీ పాటకీ మధ్య, మా వంశంలో ఎవరు ఎవరి కడుపున పుట్టారో, ఏ ఆడపడుచుని ఏ ఊరికిచ్చారో, అన్నీ ఆవిడ నోటితో ఆవిడే చెప్పారు. ఆ పేర్లు ఇంకెక్కడా రాసి లేవు. ఫణి వాటన్నిటినీ ఓపిగ్గా సర్వరులోకి ఎక్కించాడు.

ఇక్కడ నా తెలివితక్కువతనం కూడా చెప్పుకోవాలి. దేవుడి పేరున్న వస్తువుని మేము చెత్తలో వెయ్యం. చిరిగిన పూజపుస్తకమైనా, వెలిసిపోయిన పటమైనా నీళ్ళలో కలుపుతాం. పాటలు లోపలికి ఎక్కాయి కదా, ఇక ఈ క్యాసెట్లు అల్మారాలో బూజు పట్టడం దేనికని, కార్తీకపౌర్ణమినాడు అక్కుపల్లి వెళ్ళి, పసుపూ పువ్వులూ వేసి సముద్రంలో కలిపేశాను. కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ కలిపాను.

సాయంత్రం ఫణి తల పట్టుకున్నాడు. "అమ్మా! ఆ పాటలున్న డిస్కు ఒక్కటే ఉంది. అది పోతే మామ్మ లేదు."

"మరి ఇంకోటి చెయ్యలేదేంరా?"

"వచ్చే నెల చేద్దామనుకున్నాను."

ఇన్ని వీడియోలు చూసిన మనిషి! రంగురంగుల తెరలన్నీ ముందు నేర్చుకున్నాడు. రెండో కాపీ మాత్రం ఆఖరి పాఠం.

వారం తిరక్కుండా ఆఫీసువాళ్ళు వాణ్ణి మూడురోజుల ట్రైనింగుకి విశాఖపట్నం పంపారు. ఆ మొదటిరోజే శేషగిరి భోజనానికి కిందకి వచ్చి, అన్నం కలుపుకుంటూ అన్నారు.

"డిస్కు నిండిపోయింది వదినా. నా సీడీల్లో పాత సినిమాలు ఇంకా సగం ఎక్కలేదు. అమ్మ పాటలు తీసేస్తే పదిహేను సినిమాలు పడతాయి."

"మీ అమ్మగారి గొంతండీ అది" అన్నాను.

"గొంతుదేముంది? అమ్మ నా మనసులో ఉంది." గుండె మీద చెయ్యి వేసుకున్నారు కూడా, పెరుగు చెయ్యి.

"ఫణి వచ్చేదాకా ఆగండి మరిదిగారూ."

"వాడొస్తే నీలాగే సెంటిమెంటు మాట్లాడతాడు. ఫోన్లోంచి తియ్యనివ్వదట, కొట్టులో కీబోర్డు దగ్గరే తియ్యాలట. పాస్‌వర్డు క్యాలెండరు వెనక ఉంది. సాయంత్రం చూస్తాను. దెయ్యం పట్టుకుంటుందని భయమా ఏటి నీకు?"

నవ్వారు. నేను మజ్జిగ వడ్డించాను.

ఇక ఇది ఆయన చెప్పింది.

ఏడున్నరకి కరెంటు పోయింది. కాసేపటికి వచ్చింది. కొట్టులో బల్బు మాత్రం వెలగలేదు. తెర వెలుగొక్కటే. ఫ్యాను గుర్రు పెడుతోంది... నీలం దీపం ఆరుతోంది, వెలుగుతోంది...

కుర్చీ లాక్కున్నారు. పాస్‌వర్డు కొట్టారు. అమ్మ పాటలు దొరికాయి. పద్నాలుగు వరసలు. అన్నీ కలిపి పట్టారు. నిజంగా తీసెయ్యమంటావా, తీస్తే మళ్ళీ రావు — అని అడిగింది పెట్టె.

వేలు ఎత్తారు.

"గిరిగా..."

వెనక నుంచి. మంచం ఉండే మూల నుంచి.

ఆ పేరు పెట్టి అమ్మ ఒక్కర్తే పిలిచేదట. అదీ ఆయనకి మీసాలు రాకముందు. నలుగురిలో పరువు పోతోందని పోట్లాడి మానిపించారట.

"గాలి అనుకున్నాను వదినా. శాస్త్రీయంగా ఆలోచించాను" అన్నారు. శాస్త్రీయంగా ఆలోచిస్తూనే, వెనక్కి తిరిగి చూడకుండా, కుర్చీని తలుపు వైపు జరిపారట.

వేలు మళ్ళీ ఎత్తారు.

"కాళ్ళు కడుక్కున్నావేట్రా?"

ఈసారి తలుపు వైపు నుంచి — దగ్గరగా...

ఫ్యాను గుర్రు ఆగి, మళ్ళీ మొదలైంది.

"నా పాటలేటి చేస్తన్నావు... నా పిల్లల పేర్లేటి చేస్తన్నావు..."

అంతే. పక్కనున్న కిటికీ రెక్క తోసుకుని, హెడ్మాస్టరుగారు వీధిలోకి దూకారు. ఒక చెప్పు లోపల, ఒక చెప్పు కాలవలో. వెళ్ళి వెళ్ళి కూర్మారావు అరుగు మీద పడ్డారు.

"మేష్టారూ! ఏటయింది? ఏటి సూసినారు?"

"అమ్మ... అమ్మ మాట్లాడింది."

"మాట్లాడదేటి మరి! ఇన్నేళ్ళూ నాను సెప్తే నవ్వీసినారు గదా! ఇప్పుడు నవ్వండి, సూద్దాం."

కూర్మారావు ఆయన్ని జబ్బ పట్టుకుని తీసుకొచ్చేసరికి నేను దేవుడిగదిలో కూర్చుని ఉన్నాను. గుమ్మం పట్టుకుని, గుక్క తిప్పుకుని, ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన ఆ నోటితోనే అడిగారు.

"వదినా... విభూతి ఉందా?"

నిండుగా పెట్టాను. మూడు వేళ్ళతో.

మర్నాటికి ఆయనకి చదువు తిరిగొచ్చింది. "కరెంటు వచ్చింది, పెట్టె దానంతటది లేచింది, అమ్మ రికార్డింగు వాయించింది. ఇంతే కదా! జనం దీన్నే దెయ్యం అంటారు" అని వీధంతా తిరిగి చెప్పారు. కూర్మారావుకి రెండుసార్లు చెప్పారు.

మూడోనాడు ఫణి వచ్చాడు. పాటలన్నీ భద్రంగా ఉన్నాయని చూసుకున్నాకే వాడికి ఊపిరి వచ్చింది. ఆ తరవాత తెర మీద ఏదో చదువుతూ అన్నాడు.

"పెట్టె లేచిన మాట నిజమే బాబాయ్. కానీ ఏమీ వాయించలేదు. ఏ పాట ఎన్నింటికి వాయించిందో అన్నీ ఇందులో రాసి ఉంటాయి. ఆ సాయంత్రం ఖాళీ."

"సరిగ్గా చూడరా."

"చూశాను. అయినా కొట్టులో స్పీకరెక్కడిది? దీనికి నోరే లేదు."

శేషగిరి కాఫీగ్లాసు కింద పెట్టారు. పెట్టడంలో సగం ఒలికింది.

ఆ మర్నాడే ఆయన పలాస వెళ్ళి రెండు కొత్త డిస్కులు తెచ్చారు. ఎవరూ అడగలేదు. అమ్మ పాటలు రెండింటిలోకీ ఎక్కించమని ఫణి పక్కనే నిలబడ్డారు. ఒకటి తన బీరువాలో పెట్టుకున్నారు, ఒకటి పూండిలో మా ఆడపడుచుకి స్వయంగా ఇచ్చి వచ్చారు. తన సినిమాలు తనే తీసేసుకున్నారు. ఇప్పుడు మేడ ఎక్కేముందు రోజూ కాళ్ళు కడుక్కుంటున్నారు, మడమల దాకా, శ్రద్ధగా.

ఇంతవరకూ ఆయన చెప్పింది. ఇక దేవుడికి తప్ప ఎవరికీ చెప్పనిది చెబుతాను.

ఆ సాయంత్రం ఆయన మెట్లు దిగిన చప్పుడు విని, బతిమాలుకుందామని నేనూ పెరటిదారిన, దీపం లేకుండా వెనకే వెళ్ళాను. ఆయన విన్న రెండో మాట నాది. మూడోదీ నాదే. తలుపు పక్క నిలబడి అన్నాను. పాతికేళ్ళు ఆవిడ పక్కన పీట వేసుకుని పాట అందుకున్నదాన్ని, ఆ గొంతు నాకు రాదా? పోయినావిడ గొంతుతో మాటలు పలికినందుకు మర్నాడు ఉపవాసం ఉన్నాను.

మొదటి పిలుపు నాది కాదు.

అప్పటికి నేను గుమ్మం కూడా చేరలేదు. ఆయనకి అలాంటి ముద్దుపేరు ఒకటుందనే నాకు తెలియదు. చీకట్లో ఆ మూల నుంచి వచ్చింది... నేనూ విన్నాను. తెరిచిన తలుపులోంచి ఆయన వేలు ఆగడం చూశాను.

అత్తయ్యగారు ఎత్తుకున్నారు కదా అని, నేను అందుకున్నాను.