మూడో పేజీతో వచ్చిన పద్నాలుగో పేజీ

పొద్దున పదకొండింటికి డిటెక్టివ్ ఆఫీసు తలుపు తోసుకుని వచ్చినావిడ, కుర్చీ చూపించినా కూర్చోలేదు. చేతిలో ఉన్న చిన్న పుస్తకం బల్ల మీద పెట్టి, "నాలుగింటికి నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారండీ. ఈలోగా ఇందులో మూడో పేజీ నేను రాయలేదని తేల్చాలి," అంది.

ఆమె సదస్సులకొచ్చేవాళ్లు దిగే పెద్ద హోటల్లో రిసెప్షనిస్టు. ఆ పుస్తకం అతిథులకు ఊరు చూపించే గైడు, పదహారు పేజీలు. ఆర్నెల్లపాటు సెలవు రోజుల్లో వీధివీధీ తిరిగి రాసింది. గొడుగు ఎక్కడ బాగుచేస్తారో, పార్కులో ఏ బెంచీ మీద మధ్యాహ్నం నీడ పడుతుందో, వంతెన మీద టోపీ ఎందుకు చేత్తో పట్టుకోవాలో, అన్నీ అందులో ఉన్నాయి.

డిటెక్టివుకు సహాయకుడు ఆయన బావమరిదే. బావ తెలివి మీద అతనికున్న గురి, కట్టుకున్న అక్కకు కూడా లేదు. అప్పటికే నోటుపుస్తకం తెరిచి పెన్ను మూత తీశాడు.

"మొదట్నుంచీ చెప్పమ్మా," అన్నాడు డిటెక్టివ్.

నిన్న కంటి డాక్టర్ల సదస్సు మొదలైంది. సభ జరిగే హాలు హోటలుకు దగ్గరే. గడియార స్తంభం పక్క మెట్లు దిగితే ఎనిమిది నిమిషాల నడక. ఆమె రాసింది అదే. గదుల్లో పెట్టిన పుస్తకాల్లో మాత్రం మెట్లదారి మరమ్మతులకు మూసేశారనీ, వెనక గేటు దగ్గర హోటలు కారెక్కాలనీ ఉంది. అరవైమంది డాక్టర్లు వెనక గేటు దగ్గర బారులు తీరారు. ఉన్నవి నాలుగు కార్లు. ముఖ్య ఉపన్యాసం ఇవ్వవలసిన పెద్ద డాక్టరమ్మ రైలు వేళవుతోందని ఖాళీ కుర్చీలకే మాట్లాడి వెళ్లిపోయింది.

"మీ కంప్యూటర్లో అసలు పేజీ ఉంటుందిగా?"

"గొడవయ్యాక దిద్దుకున్నానంటున్నారు మేనేజరు గారు. ప్రెస్సాయన దగ్గరా సరైందే ఉంది. కానీ ఆయన నాకు బాబాయి. ఇద్దరూ కూడబలుక్కున్నారని కొట్టిపారేశారు."

"అచ్చుకి ముందు ఎవరెవరు చూశారు?"

"సోమవారం ట్రావెల్ డెస్కాయన. కార్ల గురించి సరిచూస్తానంటే మొత్తం పంపాను. మంగళవారం మేనేజరు గారు బ్రేక్‌ఫాస్ట్ వేళ మార్చమంటే మార్చాను. ఆయన మొత్తం చూసింది బుధవారం. గురువారం బాబాయికి పంపాను. పుస్తకాలు రాగానే స్టోరు గదిలో పెట్టాం. దాని తాళంచెవి కౌంటరు వెనక మేక్కి వేలాడుతుంటుంది, ఎవరికైనా అందుతుంది."

బావమరిది పుస్తకం తిరగేస్తున్నాడు. "ఆకలేసినవాడు దీన్ని నమ్ముకుంటే అయిపోయాడే బావా! వెనకట్ట మీద బ్రేక్‌ఫాస్ట్ ఆరున్నరకంది. పద్నాలుగో పేజీలో ఏడింటికంటోంది."

"అదేంటి? నేను రెండుచోట్లా మార్చానే!" అందావిడ.

డిటెక్టివ్ చటుక్కున పుస్తకం లాక్కున్నాడు. నడిమి పిన్నులు గోటితో లేపి, కాగితాలు విడదీసి, ఒకదాన్ని కిటికీ వెలుతురుకి పట్టి చూశాడు. "లే, బావమరిదీ. ఎప్పుడూ తిండి ధ్యాసేనని మీ అక్క ఇంకెప్పుడూ నిన్ను తిట్టకూడదు," అన్నాడు.

ముందు ప్రెస్సుకి వెళ్లారు. మూడో పేజీ ఒక్కటే మార్చడం ఎలాగని అడిగితే బాబాయి నవ్వాడు.

"ఒక్కటే ఎలా కుదురుతుంది బాబూ? కాగితం నడిమికి మడిచి పిన్ను కొడతాం. మూడు పక్కనే పద్నాలుగు ఉంటుంది. వెనకవైపు నాలుగూ పదమూడూ. ఒకటి మార్చాలంటే కాగితం కాగితమే మార్చాలి. నాలుగూ సరిచూసుకోకుండా ఏ ప్రెస్సువాడూ చెయ్యి పెట్టడు."

హోటల్లో ట్రావెల్ డెస్కాయన చొక్కా మడత నలక్కుండా కూర్చున్నాడు.

"కార్లకి గిరాకీ ఎలా ఉందండీ?"

"ఏదో... నడుస్తోంది సార్."

"నిన్న బాగా నడిచినట్టుంది."

ఆయన బల్ల మీది కార్ల జాబితాని సొరుగులోకి తోశాడు.

మూడున్నరకి మేనేజరు గదిలో అందరినీ కూర్చోబెట్టాడు డిటెక్టివ్. మేనేజరు ముందు టైపు చేసిన ఉత్తరం ఉంది, సంతకం ఒక్కటే తక్కువ.

"ఈ కాగితం ప్రెస్సులో అచ్చయింది కాదు," అన్నాడు డిటెక్టివ్, రెండో కాగితం ఎత్తి చూపించి. "ఎవరో తయారుచేసి పాతదాని స్థానంలో పెట్టారు. వాళ్లకి కావలసింది మూడో పేజీ. దాంతోపాటు పద్నాలుగు అంటుకొస్తుంది కాబట్టి, తమ దగ్గరున్న ప్రతిలోంచి దాన్ని ఉన్నదున్నట్టు అచ్చు తీసుకున్నారు. అందులో బ్రేక్‌ఫాస్ట్ ఏడింటికి. అయ్యా మేనేజరు గారూ, మీరు చూసిన ప్రతిలో ఎన్నింటికి?"

"ఆరున్నర. నేనే మార్పించాను."

"ప్రెస్సుకి వెళ్లిందీ ఆరున్నరదే. ఈ అమ్మాయైతే తాను దిద్దినదాన్ని మళ్లీ తప్పు చేసుకోదు. ఏడింటి ప్రతి సోమవారం నాడు ఒక్కరికే వెళ్లింది."

ఎవరూ ఏమీ అనకముందే ట్రావెల్ డెస్కాయన తల వంచాడు. "ఈ సదస్సుకి కూడా కార్లు ఖాళీగా నిలబడితే డెస్కు ఎత్తేస్తానన్నారు కదండీ మీరు. పాతికేళ్లుగా నేను ఆ కుర్చీలోనే ఉన్నాను. మెట్లదారి ఇంత చక్కగా రాసిపెడితే ఇంక కారెవరెక్కుతారు? అరవైమంది ఒక్కసారే వస్తారనుకోలేదు." ఆమె వైపు తిరిగాడు. "నీ మీదకి వస్తుందనుకోలేదమ్మా."

"నిన్నట్నుంచీ నా మీదే ఉంది కదండీ," అంది ఆమె.

మేనేజరు ఉత్తరం నాలుగు ముక్కలు చేశాడు. "సరేనమ్మా, వెళ్లి కౌంటర్లో కూర్చో."

"కూర్చోను సార్. తప్పు రాసింది నేనేనని నిన్న అరవైమంది ముందు చెప్పారు. ఆ అరవైమందీ సాయంత్రం సభకి వెళ్లడానికి ఇప్పుడు లాబీలో ఉన్నారు."

బావమరిది పెన్ను ఆపి బావ వంక చూశాడు. బావ కిటికీ వంక చూస్తున్నాడు. మేనేజరు కోటు గుండీ పెట్టుకున్నాడు, తీశాడు, మళ్లీ పెట్టుకుని బయటికి నడిచాడు.

లాబీలో ఆయన మొదటిసారి అన్నది దగ్గరున్నవాళ్లకే వినబడింది. రెండోసారి అందరికీ వినబడింది. "ఆ పేజీ ఈవిడ రాసింది కాదండీ. నేను తొందరపడి ఈవిడ్ని అన్నాను. క్షమించాలి."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని తలుపు తెరిచి పట్టుకుంది.

"రండి, మెట్లదారిన తీసుకెళ్తాను. ఎనిమిదే నిమిషాలు," అంది.