ఎడమ చివర ఖాళీ

"ఫిజిక్స్ బ్యాచ్ నిండిపోయిందా?"

"నిండింది. రిపీటర్స్‌కి ఒక్క సీటుంది."

కోడ్ సరిపోయింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ మూడో అంతస్తులో, స్టడీ మెటీరియల్ కట్టల వెనక దాగిన తలుపు తెరుచుకుంది. విజయశ్రీ లోపలికి వెళ్లింది. కింద క్లాసులో ఒకాయన మైకు పట్టుకుని ఘర్షణ సూత్రాలు అరుస్తున్నాడు. రహస్యాలు మాట్లాడుకోవడానికి ఇంతకంటే మంచి చోటు నగరంలో దొరకదు, ఆ వీధిలో ఎవరి గోల వాళ్లదే.

విజయశ్రీకి నలభై తొమ్మిదేళ్లు. పుట్టింది నల్లగొండ దగ్గర పల్లెలో, కాపురం మన్సూరాబాద్‌లో. ఇంట్లోవాళ్లకి తెలిసినంతవరకు ఆమె ఏదో సర్వే ఆఫీసులో సూపరింటెండెంట్. నిజానికి ఇరవై రెండేళ్లుగా ఆమె సీక్రెట్ ఏజెంట్. అందులో చివరి రెండేళ్లు మాత్రం ఫీల్డుకి వెళ్లనని మొండికేసి ఫైళ్లలో తల దూర్చుకుని కూర్చుంది.

చీఫ్ గంగాధరరావు టేబుల్ మీద ఒక గ్రూప్ ఫోటో పెట్టాడు. పొగలు కక్కుతున్న సరస్సు ముందు ఇరవై మందికి పైగా టూరిస్టులు. ఎడమ చివర ఎర్ర టోపీ పెట్టుకుని నవ్వుతున్న కుర్రాడు మధు.

"ఇది మీరు చూపియ్యకున్నా నాకు కనవడ్తనే ఉంటది సార్," అంది విజయశ్రీ.

చీఫ్ ఫోటోని పక్కకి జరిపి, నేరుగా బ్రీఫింగ్‌లోకి దిగాడు. విదేశాల్లో మారుపేర్లతో పనిచేస్తున్న మనవాళ్లు పదకొండు మంది. వాళ్ల అసలు పేర్లు, అడ్రసులు ఉన్న లిస్టు లీకైంది. చిటికెన వేలి గోరంత మెమరీ కార్డు. నెట్‌లో పంపితే దొరికిపోతామని శత్రువులకి తెలుసు కాబట్టి, మనిషి చేత పంపిస్తున్నారు.

"ఎట్ల పంపుతున్నరు?"

"పట్టాభి గారి టూరులో. న్యూజిలాండ్, పద్నాలుగు రోజులు. అదే రూటు. అదే నెల."

విజయశ్రీ కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది. రెండేళ్ల కిందట అదే రూటులో, అలాంటి కొరియర్ కోసమే మధు వెళ్లాడు. హైదరాబాద్ నుంచి అతన్ని నడిపించింది ఆమె. పదో రోజున, మిణుగురు గుహలో పడవ ఎక్కబోతూ ఫోన్ చేశాడు. "అక్కా, మనిషెవరో తెల్సింది. ఈడ పక్కన జనం ఉన్నరు. బయటికొచ్చి చెప్త," అన్నాడు. ఆమె సరేనంది. పేరు ఇప్పుడే చెప్పమని ఒక్క మాట అనలేదు. మధు బయటికి రాలేదు. మద్యం మత్తులో పడవలోంచి జారి మృతి చెందాడని రిపోర్టు వచ్చింది. మీర్‌పేట్‌లో ఉన్న వాళ్లమ్మ పెంటమ్మ ఆ కాగితం చదివించుకుని, "నా కొడుకు సుక్క ముట్టడు" అని మాత్రం అని తలుపేసుకుంది. ఆ రోజు మొదలు విజయశ్రీ ఆ వీధిలోకి వెళ్లలేదు.

"ఇచ్చేవాళ్లు, పుచ్చుకునేవాళ్లు ఇద్దరూ దొరకాలి," అన్నాడు చీఫ్. "దొరికితే మధు ఫైలు తిరగరాస్తాను. దొరక్కపోతే అలాంటి ఫైళ్లు ఇంకో పదకొండు తయారవుతాయి. లోపల మనకి సాయం ఉంది. సూర్యప్రభ."

సూర్యప్రభ కొత్తపేటలో బొటీక్ నడుపుతుంది. శత్రువుల ముఠాలో వాళ్ల మనిషిలా తిరుగుతూ మనకి కబుర్లు చేరవేస్తుందని డిపార్ట్‌మెంట్ నమ్మకం. మధు వెళ్లిన టూరులో కూడా ఆమె ఉంది. ఆ రిపోర్టు మీద సాక్షి సంతకం ఆమెదే.

విజయశ్రీ రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్ వేషం కట్టింది. ఆ వేషం వెనక ఎవరున్నారో సూర్యప్రభకి కూడా చెప్పలేదు. జుట్టుకి తెల్ల రంగు, మందపాటి కళ్లద్దాలు, చెవికి మిషన్. ఆ మిషన్ చుట్టుపక్కల మాటలన్నీ రికార్డు చేస్తుంది, చీఫ్ గొంతు వినిపిస్తుంది. ఆమె ఫోన్‌లో మధు ఆఖరి కాల్ రికార్డింగ్ ఉంది. రెండేళ్లుగా దాన్ని తీసేయలేదు, వినలేదు కూడా.

ఎల్బీనగర్‌లో మెట్రో పిల్లర్ల కింద ఎయిర్‌పోర్టు బస్సు ఆగింది. ప్రయాణికులు ఇరవై రెండు మంది, దింపడానికి వచ్చినవాళ్లు అరవై. టూర్ మేనేజర్ పట్టాభికి ఒక పద్ధతి ఉంది. ఇంటికో పచ్చడి జాడీ తేవాలి, మీద ఇంటిపేరు రాయాలి, అన్నీ ఒకే ఎర్ర పెట్టెలో పెట్టాలి. అక్కడి కస్టమ్స్‌లో ఆయనే అన్నింటికీ కలిపి ఒక ఫారం నింపుతాడు. విజయశ్రీ చింతకాయ తొక్కు తెచ్చింది. సూర్యప్రభ నల్లకళ్లద్దాలు నెత్తి మీదికి తోసి, తెనాలిలో వాళ్లమ్మ స్వయంగా పెట్టిన మాగాయ అని చిన్న జాడీ అందించింది. పెట్టె బాధ్యతను ఎవరూ అడక్కుండానే నాగేశ్వరి తీసుకుంది. ఆమె భర్త త్రినాథరావు బ్యాంకులో రిటైరై చైతన్యపురిలో స్థిరపడిన గుంటూరు మనిషి, ముప్ఫై ఏళ్లుగా ఆమె మాటకి ఎదురు చెప్పలేదు.

పట్టాభి బస్సెక్కి తలలు లెక్కపెట్టాడు. ఇరవై మూడు వచ్చింది. ముఖం తుడుచుకుని మళ్లీ లెక్కపెట్టాడు. ఇరవై రెండు. అతను ఎవరి కళ్లలోకీ చూడకుండా వెళ్లి ముందు సీట్లో కూర్చోవడం విజయశ్రీ చూసింది. మొదటి అనుమానితుడి పేరు మనసులో రాసుకుంది.

ఆక్లాండ్‌లో కస్టమ్స్ అధికారి ఎర్ర పెట్టె తెరిచి, అన్ని జాడీల ఘాటూ ఒక్కసారే పీల్చి, కళ్లనీళ్లతో వెళ్లమన్నాడు. అక్కణ్ణుంచి నేరుగా దక్షిణ ద్వీపానికి ఎగిరి, యాత్ర మొదలుపెట్టారు. అరవై రెండేళ్ల త్రినాథరావు కాళ్లకి తాడు కట్టించుకుని వంతెన మీంచి దూకాడు. ఆయన జీవితంలో నాగేశ్వరిని అడక్కుండా చేసిన మొదటి పని అదే. జెట్ బోటులో నది మలుపుల్లో గిర్రున తిరిగారు. హెలికాప్టర్‌లో మంచు నది మీద దిగారు. కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రంలో, పొగమంచులోంచి పడుతున్న జలపాతం కింద తడిశారు.

అందరికీ అది యాత్ర. విజయశ్రీకి మాత్రం ప్రతి చోటా మధు అప్పటికే వచ్చి వెళ్లిన గుర్తు. పట్టాభి పాత ఫోటోలు తీసిన రాతి మీదే నిలబడి మళ్లీ గ్రూప్ ఫోటోలు తీసేవాడు. ప్రతి ఫోటోలో ఎడమ చివర ఒక మనిషి పట్టేంత ఖాళీ మిగిలేది. ఎవరూ అనుకుని వదిలింది కాదు. జరగమంటే జరిగేవాళ్లు, తీరా చూస్తే మళ్లీ ఖాళీ. మంచు మీద ఉన్నప్పుడు చెవి మిషన్ బ్యాటరీ పోయింది. అలా పోయిన మిషన్‌లోంచి "అక్కా" అని వినిపించింది. ఆమె వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. భయం కంటే ఎక్కువగా ఆమెకి సిగ్గేసింది, ఈసారైనా అతని మాట పూర్తిగా వినే ధైర్యం తనకి లేనందుకు.

ఇద్దరిద్దరికీ ఒక గది. విజయశ్రీ గదిలో సూర్యప్రభే. రెండేళ్ల కిందట ఇదే టూరులో పోయిన మధు తనకి తమ్ముడిలాంటివాడని, కళ్లముందే జారిపోతుంటే పట్టుకోలేకపోయానని చెప్పి సూర్యప్రభ కళ్లు ఒత్తుకుంది. విజయశ్రీ ఆమె చెయ్యి పట్టుకుని ఓదార్చింది కూడా.

తొమ్మిదో రోజుకి ఉత్తర ద్వీపానికి వచ్చారు. ఉడికే బురద గుంటల దగ్గర, గంధకం వాసనలో, పట్టాభి మళ్లీ తలలు లెక్కపెట్టి ఇరవై మూడు దగ్గర ఆగిపోయాడు. విజయశ్రీ పక్కకి తీసుకెళ్లి అడిగేసింది.

"రెండేళ్లుగా ఇంతే మేడం," అన్నాడు అతను. "ఒక కుర్రాణ్ణి ఇక్కడికి తీసుకొచ్చి తిరిగి తీసుకెళ్లలేకపోయాను. అప్పట్నుంచి ఏ బస్సులోనైనా నాకు ఒకరు ఎక్కువే వస్తారు."

ఇంత బాధ మోస్తున్నవాడు హంతకుడు కాడు. విజయశ్రీ ఆ పేరు కొట్టేసింది. కానీ చేతిలో ఇంకో పేరు లేదు, మర్నాడే పదో రోజు.

గుహ పక్కనే నది ఒడ్డున భోజనాలు. వంటవాడు సీతారాములు వేడి అన్నం, ముద్దపప్పు వడ్డించాడు. ఎర్ర పెట్టె తెరుచుకుంది. సూర్యప్రభ కుళాయి కింద చెంచా కడిగి, నీళ్లు కారుతుండగానే తన మాగాయ జాడీలో ముంచింది.

నాగేశ్వరి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "అదేంటండీ, తడి చెంచా పెట్టేశారు? రేపటికి బూజొచ్చేస్తుంది. ఇంకా నాలుగు రోజులు తినాలి కదా."

"ఏం కాదులెండి," అని నవ్వింది సూర్యప్రభ. మూత బిగించి జాడీని పెట్టెలో కాకుండా తన హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుంది.

విజయశ్రీ నోట్లో ముద్ద కదల్లేదు. తెనాలి ఇంట్లో పెరిగిన పిల్ల, అమ్మ చేతి పచ్చడి సముద్రాలు దాటించి తెచ్చుకుని, దాన్లో తడి చెంచా పెట్టదు. తొమ్మిది రోజులు ఈవిడ కూడా పొడి చెంచానే పెట్టింది. ఈ రోజు మాత్రం ఎందుకు పట్టించుకోలేదు? ఆ జాడీకి రేపటితో పని లేదు కాబట్టి. కార్డు పచ్చడి అడుగున ఉంది. ఇంకో గంటలో అది చేతులు మారబోతోంది.

ఆమె చెయ్యి కడుక్కునే వంకతో పార్కింగ్ వైపు వెళ్లి చీఫ్‌కి చెప్పింది. సూర్యప్రభ ఫైలు తెమ్మని ఆయన ఎవరితోనో అనడం వినిపించింది. తర్వాత, అక్కడి పోలీసులు రేవులో కాపు కాస్తారని, చేతులు మారేదాకా ఆగమని చెప్పాడు. జాడీ నీళ్లలో పడితే మాత్రం సాక్ష్యం పోయినట్టేనని, దాంతోపాటు మధు పేరు కూడా పోయినట్టేనని హెచ్చరించాడు.

గుహలో చీకటి. పురుగులు బెదిరిపోతాయి కాబట్టి ఎవరూ మాట్లాడకూడదని గైడ్ చెప్పాడు. పైనున్న తాడు పట్టుకుని అతను పడవని చప్పుడు కాకుండా లాగుతున్నాడు. తలల పైన వేల మిణుగురులు, నీలంగా, కదలకుండా. వాటి వెలుగులో పక్క మనిషి ముఖం కూడా కనిపించదు, కదలికలు మాత్రం నీడల్లా తెలుస్తాయి. విజయశ్రీ పక్కన సూర్యప్రభ. ఆమెకి అవతల, ఎడమ చివర సీటు ఖాళీ. వెనక బల్ల మీద రెయిన్‌కోటు వేసుకున్న పొడుగాటి విదేశీయుడు, అతని పక్కన నాగేశ్వరి.

విజయశ్రీ కొంగు చాటున ఫోన్ తీసింది. మధు ఆఖరి కాల్ పెద్దగా వినిపించి సూర్యప్రభని బెదరగొట్టాలని ఆమె ప్లాను. బొటనవేలు బటన్ మీద ఉంది. హ్యాండ్‌బ్యాగ్ జిప్పు తెరుచుకున్న చప్పుడు. సూర్యప్రభ జాడీ పట్టుకున్న చేతిని భుజం మీదుగా వెనక్కి చాచింది.

విజయశ్రీ బటన్ నొక్కలేకపోయింది. రెండేళ్లుగా వినలేని గొంతు అది.

అప్పుడు ఎడమ చివర నుంచి, నెమ్మదిగా, మామూలుగా వినిపించింది.

"అక్కా, ఇప్పుడు చెప్పాల్నా?"

సూర్యప్రభ ఖాళీ సీటు వైపు తిరిగింది. "నువ్వు లేవు," అంది. "ఇక్కడే కదా నిన్ను తోసింది. నా చేతుల్తోనే తోశాను. నువ్వు లేవు."

ఆమె వేళ్లు వదులయ్యాయి. రెయిన్‌కోటు మనిషి చేతికి అందబోయిన జాడీ పడవ అంచు దాటి నీళ్ల మీదికి జారింది. విజయశ్రీ లేవబోయేలోపే వెనక బల్ల మీంచి రెండు చేతులు ముందుకొచ్చి దాన్ని గాల్లోనే ఒడిసి పట్టాయి. ఎవరి పచ్చడైనా, ఎంత చీకటైనా, కిందపడే జాడీని చూస్తూ ఊరుకోవడం నాగేశ్వరికి చేతకాదు.

"మూత సరిగ్గా బిగించారో లేదో," అని ఆవిడ గొణిగింది. గైడ్ ఉష్షుమన్నాడు.

రేవులో రెయిన్‌కోట్లు వేసుకున్న మరో నలుగురు ఎదురుచూస్తున్నారు. వాళ్లు పోలీసులు. విదేశీయుడూ, సూర్యప్రభా దిగగానే బేడీలు పడ్డాయి. జాడీలో నాలుగు వేళ్ల లోతున, ప్లాస్టిక్ కవరులో కార్డు దొరికింది. బస్సులో పట్టాభి తలలు లెక్కపెట్టాడు. ఇరవై ఒకటి. మళ్లీ లెక్కపెట్టాడు, ఇరవై ఒకటే. అతను ముందు సీట్లో కూలబడి చేతుల్లో ముఖం దాచుకున్నాడు. విజయశ్రీ కిటికీ వైపు తిరిగి, రెండేళ్ల తర్వాత మొదటిసారి ఏడ్చింది.

దిల్‌సుఖ్‌నగర్ గదిలో చీఫ్ ఆ రికార్డింగ్ మూడుసార్లు విన్నాడు. నీటి చప్పుడు, తర్వాత సూర్యప్రభ మాటలు, అంతే. మరో గొంతు లేదు. విజయశ్రీ ఫోన్‌లో మధు కాల్ ఎవరూ తెరవలేదు. తెరిచి ఉన్నా, అందులో ఉన్న మాటలు వేరు.

"ఈవిడ ఎవరికి జవాబు చెబుతోంది?" అన్నాడు చీఫ్.

"ఆమెనే అడగండి సార్. నాకైతే నా తమ్ముడు చెప్తనన్న మాట చెప్పిండు."

చీఫ్ మధు ఫైలు తెరిచాడు. తర్వాత ఎర్ర సిరా పెన్ను తీసి, మద్యం అన్న మాట కొట్టేసి, విధి నిర్వహణలో హత్య అని రాసి సంతకం పెట్టాడు.

మర్నాడు మధ్యాహ్నం విజయశ్రీ ఆ కాగితం పట్టుకుని మీర్‌పేట్‌లో పెంటమ్మ తలుపు తట్టింది. తెల్లరంగు ఇంకా జుట్టు వదల్లేదు. కాగితం తనే చదివి వినిపించింది. ఆ రోజు పేరు అడగకపోవడం తన తప్పేనని కూడా చెప్పేసింది. పెంటమ్మ లేచింది. కాగితాన్ని మధు ఫోటో వెనక దోపింది. తిరిగొచ్చి విజయశ్రీ చెయ్యి పట్టుకుంది.

"ఆడు తాగడని నాకు ఎర్కనే బిడ్డ. ఊరికి ఎర్క కావాలె, గంతే. ఎండన పడొచ్చినవ్, జర తిని పో."

కంచంలో అన్నం పెట్టి తొక్కు జాడీ దగ్గరికి లాక్కుంది. చెంచా కడిగింది. కొంగుతో ఒకసారి తుడిచి, వెలుతురుకి పెట్టి చూసి, ఇంకోసారి తుడిచింది. అప్పుడు గాని జాడీలో ముంచలేదు.

విజయశ్రీ ఆ చెంచా వైపే చూస్తూ ఉండిపోయింది. డిపార్ట్‌మెంట్ ఇరవై రెండేళ్లలో ఆమెకి ఎన్నో పాస్‌వర్డులు ఇచ్చింది, ఇంత నమ్మదగినది మాత్రం ఒక్కటీ ఇవ్వలేదు.