ఉప్పు రాక్షసుడూ మైనపు తమ్ముడూ

తెల్లదిబ్బ రాజ్యానికి రెండు పీడలు దాపురించాయి పిల్లలూ! ఒకడు ఉప్పు రాక్షసుడు, ఇంకొకడు వాడి తమ్ముడు మైనపు రాక్షసుడు. సైనికులు నిప్పుబాణాలు వేస్తే అన్నకు చీమ కుట్టినట్టయినా లేదు. కత్తులతో పొడిస్తే తమ్ముడి ఒళ్లు మళ్లీ పూడుకుపోయింది. ఇద్దరూ కోట తలుపులు పీకి, అడ్డొచ్చినవాళ్ల మెడలు విరిచి, కాపలా కాసే దండాసి అనే కుర్రాణ్ణి వండుకు తినడానికి అడవిలోకి ఎత్తుకుపోయారు.

దండాసి చెల్లెలు నూకాలు ఉప్పుమడుల్లో పనిచేసే పిల్ల. అమ్మా నాన్నా లేరు, దిక్కంటూ ఉన్నది ఆ అన్న ఒక్కడే. సుత్తీ కాగడా పట్టుకుని అడవిలో పడింది.

దారిలో ఒంటిచేతి ముని ఎదురయ్యాడు. రెండో చెయ్యి ఆ రాక్షసులే కొరికి తినేశారు.

"తల్లీ, ఉప్పువాడి ఒంట్లో ఒక రేణువు దోచుకున్నది, పక్కది పోగొట్టుకున్నది. అందుకే రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటూ అతుక్కున్నాయి. నీళ్లు వాటిని విడదీస్తాయి. మైనపువాడి రేణువులు దోచుకోవు, ఉన్నదాన్ని కలిసి పట్టుకుంటాయి. అక్కడ నీళ్ల ఆటలు సాగవు, నిప్పే కావాలి" అన్నాడు ముని.

ఆ దోచుకునేదీ, కలిసి పట్టుకునేదీ ఎలక్ట్రాన్లనే. మీ పుస్తకాల్లో అయానిక బంధం, సమయోజనీయ బంధం అంటారే, అవే ఇవి.

"ఉప్పు సంగతి నాకు చెప్తావా తాతా! నీళ్లుంటే చాలు" అంటూ నూకాలు కాగడా అక్కడే పారేసి, మునిగారి నీళ్లకుండ ఎత్తుకుని పరుగెత్తింది. ఎంత తొందరో చూడండి!

వాగు దగ్గర ఉప్పు రాక్షసుడు మీదపడ్డాడు. నూకాలు వాడి మోకాలి మీద సుత్తితో ఒక్కటిచ్చింది. లోపల రేణువుల వరస జరిగి, దోచుకున్నవి దోచుకున్నవాటికే ఎదురుపడి ఒకదాన్నొకటి నెట్టేసుకున్నాయి. కాలు ఫెళ్లున చీలింది. వాగులో బోర్లా పడి, అరుస్తూ అరుస్తూ కరిగిపోయాడు.

వాగు దాటితే రాక్షసుల గుహ. అందులో దండాసిని కాగే కొప్పెర పైన వేలాడదీశారు. మైనపు రాక్షసుడు దూరంగా నిలబడి, పొడుగు గడతో పొయ్యిలోకి కట్టెలు తోస్తున్నాడు. నూకాలు కుండెడు నీళ్లూ వాడి మీద కుమ్మరించింది. చుక్క అంటకుండా జారిపోయాయి. సుత్తి వేస్తే పొట్టలో దిగబడిపోయింది. వాడు ఆమెను జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. కళ్లలోకి నెత్తురు కారింది.

"పారిపోవే నూకీ!" అని అన్న అరిచాడు.

"నిన్నొదిలేసా? నోర్మూసుకో అన్నా!"

వాడు పొయ్యి దగ్గరికి ఎందుకు రావట్లేదో అప్పుడు వెలిగింది ఆ పిల్లకు. వట్టి చేతులతో మండే కట్టెలు లాగి వాడి పొట్టలో కుక్కింది. అరచేతులు కమిలిపోతున్నా వదల్లేదు. వాడు భగ్గుమని అంటుకుని, ముద్దలు ముద్దలుగా కారి, మసైపోయాడు. నూకాలు ఆ కాలిన చేతులతోనే అన్నను కిందికి దింపి వెంటబెట్టుకొచ్చింది.

రాజు నిండు కొలువులో నూకాలును దళపతిని చేసి, తన కత్తి ఇచ్చాడు. చేతులు ఇంకా మానలేదు, పాపం, పట్టుకోలేకపోయింది. దండాసి కళ్లు తుడుచుకుంటూ వచ్చి, ఆ కత్తిని చెల్లెలి నడుముకు కట్టాడు.